మసిపూసి అంతరిక్షనౌక చేయడం

ఒక ఆదివారం పొద్దున నేను లేచేసరికి మా అమ్మ నా బల్ల సర్దేసింది. బల్లమీద ఒక బండి ఉండేది. ఏ చంద్రుడి మీదో, అంగారకుడి మీదో తిరగాల్సిన ఆరు చక్రాల బండి. పాత టీవీ రిమోట్ డొప్ప దాని ఒళ్ళు, షాంపూ సీసాల మూతలు చక్రాలు, అయిపోయిన రీఫిళ్ళు గొట్టాలు. కట్టడానికి మూడు నెలలు పట్టింది. రంగేశాక ఇంకో మూడు సాయంత్రాలు కూర్చుని దానికి దుమ్ము పట్టించాను. సుద్దముక్కలు నూరి, కాస్త ఇటుకపొడి కలిపి, సన్నటి కుంచెతో చక్రాల చుట్టూ, తలుపుల కింద, నిచ్చెన మెట్ల మీద అద్దాను. అది చెదరకుండా పైన ఒక పూత వెయ్యాలి. పొద్దున వేద్దాంలే అని పడుకున్నాను.

"ఎంత దుమ్ము పట్టిపోయిందిరా నాయనా! తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచాను. చూడు, కొత్తదానిలా ఎలా మెరుస్తుందో," అంది అమ్మ.

ఏమంటాం? కాఫీ తాగేదాకా కోపం ఉంది. తాగాక నవ్వొచ్చింది. బొమ్మకి వేసిన దుమ్ముని ఇల్లాలు నిజం దుమ్మనుకుని తుడిచిందంటే ఇంతకు మించిన మెచ్చుకోలు ఎక్కడ దొరుకుతుంది!

మసిపూసి మారేడుకాయ చేయడం అని మనకో నానుడి. ఉన్నదాన్ని లేనిదిగా చూపించి మోసం చేయడమని అర్థం. అంతరిక్షనౌకల బొమ్మలకు రంగులు వేసేవాళ్ళు అరవై ఏళ్ళుగా అక్షరాలా చేస్తున్నది ఇదే. ఈ మోసానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర చివరికి ఒక మ్యూజియంలో, ఎవరూ ఊహించని చిక్కుప్రశ్న దగ్గర ఆగింది.

* * *

ముందు పని గురించి రెండు మాటలు. బజార్లో దొరికే కిట్‌లో భాగాలన్నీ అచ్చుపోసి వస్తాయి, కాగితం చూసి అతికించడమే. అలా కాకుండా ప్లాస్టిక్ రేకులు కోసి, గొట్టాలు వంచి, చెత్తబుట్ట వెతికి, వేరే కిట్లనుంచి ముక్కలు దోచుకుని మొదటినుంచీ సొంతంగా కట్టేదాన్ని స్క్రాచ్-బిల్ట్ అంటారు. కడుతున్నంతసేపూ అది అతుకుల బొంతలానే ఉంటుంది. ఒక ముక్క నల్లగా, ఒకటి ఎర్రగా, ఒకటి అద్దంలా. రిమోట్ డొప్ప రిమోట్ డొప్పలాగే కనబడుతుంది. బూడిదరంగు ప్రైమర్ ఒక్క పూత పడనీండి, కథ మారిపోతుంది. ముక్కలన్నీ ఒకే లోహంతో పోతపోసినట్టవుతాయి. అతుకుల్లో లోపాలు బయటపడేదీ అప్పుడే. వాటికి లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, మళ్ళీ పూత వెయ్యాలి. డెంటింగ్-పెయింటింగ్ షెడ్డులో కారుకి చేసే పనే, కాకపోతే అరచేతిలో.

ఆ తరువాత రంగు చేయాల్సిన పనులు రెండు. ఒకటి, జానెడు వస్తువుని వంద అడుగుల వస్తువుగా చూపించడం. రెండు, నిన్న పుట్టినదానికి ఇరవై ఏళ్ళ వయసు తేవడం. విచిత్రం ఏమిటంటే, మొదటి పని కోసం వెతుకుతూ పోయినవాళ్ళకి రెండోది దొరికింది. సైజు కోసం వేసిన మురికి, చరిత్ర అయి కూర్చుంది.

* * *

ఒకప్పుడు భవిష్యత్తు వెండిరంగులో ఉండేది. 1950లో జార్జ్ పాల్ నిర్మించిన 'డెస్టినేషన్ మూన్' సినిమాలో రాకెట్టు అతుకన్నది లేకుండా నున్నగా, మెరుగుపెట్టిన చెంబులా ఉంటుంది. ఆ చిత్రానికి చంద్రుడి దృశ్యాలు వేసిన చెస్లీ బోన్‌స్టెల్ ఖగోళ చిత్రాలకు పేరుపడ్డ కళాకారుడు. శాస్త్రం విషయంలో అంత జాగ్రత్త పడ్డ సినిమాలో కూడా నౌకకి ఒక్క గీత, ఒక్క మరక లేదు. భవిష్యత్తంటే కొత్తది, కొత్తదంటే శుభ్రమైనది. అప్పటి లెక్క అది.

నిజం రాకెట్లు మాత్రం అప్పటికే వేరే దారిలో ఉన్నాయి. జర్మన్లు వీ-2 రాకెట్టుని పరీక్షించేటప్పుడు దానికి నలుపు తెలుపు గళ్ళు వేసేవారు. అందం కోసం కాదు. ఎగిరాక అది తన చుట్టూ తాను తిరుగుతోందా లేదా అన్నది నేలమీదనుంచి చూసి పట్టుకోవడానికి. తరువాత మనుషుల్ని చంద్రుడిదాకా పంపిన శాటర్న్-5 మీద నల్లపట్టీలదీ ఇదే పని. టిన్‌టిన్ బొమ్మల కథల్లో ఎరుపు తెలుపు గళ్ళ రాకెట్టు గుర్తుందా? దాని పూర్వీకురాలు ఈ వీ-2నే. అసలు వాహనం మీద ప్రతి రంగుకీ ఒక కారణం ఉంటుంది. సినిమా వెండిరంగుకి లేనిది అదే.

* * *

ఈ తేడాని తెరమీద మొదట కసిగా పట్టించుకున్నది పిల్లల కోసం బొమ్మలాట తీసేవాళ్ళు. లండన్ దగ్గర స్లౌ అనే ఊళ్ళో, ఫ్యాక్టరీల పేటలో జెరీ, సిల్వియా ఆండర్సన్‌ల స్టూడియో ఉండేది. తీగలకు వేలాడే తోలుబొమ్మలాంటి పాత్రలతో 'సూపర్‌కార్', 'ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5', 'స్టింగ్‌రే' తీసి, 1965 సెప్టెంబరులో 'థండర్‌బర్డ్స్' ప్రసారం మొదలుపెట్టారు. అక్కడి స్పెషల్ ఎఫెక్ట్స్ బాధ్యత డెరెక్ మెడింగ్స్‌ది. ఆయన అంతకుముందు లెస్ బౌవీ దగ్గర గాజుపలకల మీద సినిమా దృశ్యాలు చిత్రించే పని నేర్చుకున్నవాడు. స్వతహాగా రంగుల మనిషి అన్నమాట. అది ముఖ్యం.

మెడింగ్స్ ముందున్న చిక్కు ఇది. నమూనా ఎంత చక్కగా చేసినా, నున్నగా రంగేసి లైటు కింద పెడితే బొమ్మలాగే ఉంటుంది. కెమెరాని మామూలుకన్నా కొన్ని రెట్లు వేగంగా తిప్పితే కదలికలో బరువొస్తుంది. పేలుళ్ళు, దుమ్ము, నీళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. మరి ఉపరితలం? దానికి ఆయన బృందం రెండు పనులు చేసింది. ఒకటి, బొమ్మల దుకాణాలకి వెళ్ళి ప్లాస్టిక్ కిట్లు కొనుక్కొచ్చి, ఆ చిన్న చిన్న భాగాల్ని నమూనాలకి అతికించడం. రెండు, రంగేశాక పెన్సిలుతో రేకుల అతుకులు గీసి, పొడిరంగులతో, నూనెమరకలతో, మసితో దాన్ని మురికి చేయడం. థండర్‌బర్డ్-2 అనే ఆకుపచ్చ రవాణావిమానాన్ని గుర్తు తెచ్చుకోండి. బొజ్జ కింద పెట్టె మోసుకుపోయే ఆ పొట్టి విమానం పిల్లలకి నచ్చడానికి దాని ఆకారం ఎంత కారణమో, అది రోజూ పనికి వెళ్ళొచ్చే బండిలా ఉండటమూ అంతే కారణమని నాకనిపిస్తుంది.

మురికి వల్ల పరిమాణం ఎందుకు పెరుగుతుంది? కన్ను ఒక వస్తువు సైజుని దానిమీద ఉన్న అన్నిటికంటే చిన్న వివరంతో కొలుస్తుంది. గోడమీద ఇటుక కనబడితే గోడ ఎంతో తెలుస్తుంది. వేలెడంత రేకుమీద సన్నటి గీత గీసి, గీతకి అటువైపు రంగుని రవ్వంత మార్చితే, అది రెండు పలకల అతుకు అవుతుంది. పలక అంటే మనిషి మోయగలిగేదని మనసుకి తెలుసు. అంతే, బొమ్మ పెరిగిపోయింది. నిగనిగలాడే రంగు ఈ పనికి పనికిరాదు. దానిమీద దీపం ఒక పెద్ద చుక్కలా మెరిసి గుట్టు బయటపెడుతుంది. అందుకే మెరుపు లేని మాట్ పూతలు. పచ్చి నలుపు, పచ్చి ఎరుపు కూడా వాడరు. దూరంగా ఉన్న కొండ నీలంగా, పాలిపోయి కనిపించినట్టే, పెద్ద వస్తువులు దూరంనుంచి కాస్త వెలిసినట్టుంటాయి. కాబట్టి బొమ్మ రంగులో ముందే ఓ చుక్క తెలుపో, బూడిదో కలుపుతారు. మన 'మాయాబజార్' (1957)లో ద్వారక కూడా చిన్న చిన్న ఇళ్ళ నమూనాయే. మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో దాన్ని నగరం చేశాడు. వెలుగు చేసే ఆ పనిలో సగం, ఇక్కడ రంగు ముందుగానే చేసిపెడుతుంది.

* * *

నా బండికి మురికి ఎక్కడ వెయ్యాలో నేర్పింది సినిమాలు కాదు, మన ఎర్రబస్సు. ఎప్పుడైనా బస్టాండులో తీరిగ్గా నిలబడి చూడండి. ఫుట్‌బోర్డు అంచున రంగు పూర్తిగా పోయి ఇనుము తెల్లగా మెరుస్తుంటుంది. వేల చెప్పులు రాసుకున్న చోటది. తలుపు పక్క కడ్డీ నడిమికి నున్నగా ఉండి, కింద పైన రంగు మిగిలుంటుంది. చేతులు పట్టుకునేది నడిమికే మరి. కిటికీల కింద చారలుంటాయి, వాటిలో కొన్ని వాననీళ్ళవి, కొన్నిటి సంగతి చెప్పుకోకపోవడం మంచిది. పొగగొట్టం దగ్గర మసి వెనక్కి సాగుతుంది. చక్రాలపైన రేకులోపల బురద అట్టకట్టి, బయటికి వచ్చేకొద్దీ చిమ్మిన చుక్కలై, అద్దాల దగ్గరికి వచ్చేసరికి ఉత్త దుమ్ముగా తేలిపోతుంది. ఆ బస్సు డ్రైవరుని, దారిని, వానని, జనాన్ని చూడకుండానే వాళ్ళ కథంతా బస్సు ఒంటిమీద చదువుకోవచ్చు.

బొమ్మకి రంగేసేవాడు చేయాల్సింది దీన్ని తిరగేయడం. ముందు కథ అనుకుని, తరువాత మరకలు వేయాలి. నల్లరంగుని పల్చగా కలిపి పూస్తే అది సందుల్లోకి జారి నీడలు పోస్తుంది. దీన్ని వాష్ అంటారు. కుంచెని లేతరంగులో ముంచి, గుడ్డకి తుడిచేసి, ఆ మిగిలిన తడితో అంచుల మీద ఆడిస్తే అంచులు అరిగినట్టు తేలతాయి. ఇది డ్రై బ్రష్. స్పాంజి ముక్కతో లోహపు రంగు అక్కడక్కడా చుక్కలు పెడితే పెచ్చులూడినట్టుంటుంది. ఇవన్నీ వారంరోజుల్లో ఎవరికైనా చేతికొస్తాయి. రానిది ఒకటే, ఎక్కడ ఆపాలన్నది. బస్సంతా సమానంగా మురికిగా ఉండదు. కొత్తవాళ్ళు బొమ్మంతా ఒకే మోతాదులో మసి పూస్తారు. అప్పుడది వాడిన బండిలా ఉండదు, కాలిన బండిలా ఉంటుంది.

* * *

1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' ఈ మసిదారిని వదిలేసి, వేరే దారిలో అదే గమ్యం చేరింది. స్టాన్లీ కుబ్రిక్ నౌకలు తెల్లనివి. డిస్కవరీ నౌక పెద్ద నమూనాయే 54 అడుగుల పొడవు. గాలిలేని చోట దూరాలు మసకబారవు, సూర్యకాంతి కత్తిలా పడుతుంది, నీడ కటిక నలుపు. అక్కడ మసి పూస్తే అబద్ధం. అందుకని ఆ నమూనాల మీద వందల కొద్దీ కిట్ ముక్కలు అతికించి, తెలుపులోనే స్వల్పమైన తేడాలతో పలకలు చూపించి, ఒక్కో ఫ్రేముకీ ఎక్కువసేపు కెమెరా కన్ను తెరిచిపెట్టి, దగ్గరా దూరం అంతా స్పష్టంగా వచ్చేలా చిత్రించారు. స్లౌ స్టూడియోలో మెడింగ్స్ దగ్గర పనిచేసిన బ్రయన్ జాన్సన్ ఈ బృందంలోనూ ఉన్నాడు. మురికి నేర్చినవాడే తెలుపుకీ పనికొచ్చాడు. రెండిట్లోనూ ఉన్న సూత్రం ఒకటే మరి: కంటికి కొలుచుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి.

డగ్లస్ ట్రంబుల్ కూడా ఆ చిత్రంలో పనిచేసి, 1972లో 'సైలెంట్ రన్నింగ్' తీశాడు. దానికి పనిచేసినవాళ్ళలో జాన్ డైక్‌స్ట్రా ఒకడు. 1975లో జార్జ్ లూకస్ తన సినిమా కోసం లాస్ ఏంజెలస్ శివారు వాన్ నైస్‌లో ఒక గోడౌనులో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సంస్థ పెట్టి, దాన్ని అప్పగించింది ఈ డైక్‌స్ట్రాకే. అలా చేతులు మారుతూ విద్య అట్లాంటిక్ దాటింది.

'స్టార్ వార్స్' (1977)కి లూకస్ కోరింది వాడేసిన ప్రపంచం. నౌకలు సెకండ్‌హ్యాండు లారీల్లా ఉండాలి. అక్కడ జో జాన్‌స్టన్, గ్రాంట్ మెక్యూన్, లోర్న్ పీటర్సన్ వంటివాళ్ళు చేసిన మిలీనియం ఫాల్కన్ పెద్ద నమూనా సుమారు అయిదడుగులు. దాని ఒంటిమీద అతికించిన కిట్ ముక్కలకి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు గ్రీబ్లీలు. దగ్గరగా చూస్తే అవి యుద్ధట్యాంకుల భాగాలు, రేసుకార్ల ఇంజన్లు. మాసిన తెలుపు మీద ఒక పలక ఎర్రగా, ఒకటి పసుపుగా, ఒకటి ముదురు బూడిదగా ఉంటుంది. అంటే? ఎప్పుడో ఆ పలక పోయింది, వేరే నౌకది తెచ్చి బిగించారు, రంగు కలిపే ఓపిక లేకపోయింది. సినిమాలో ఎవరూ ఈ మాట చెప్పరు. హాన్ సోలో చేతిలో డబ్బు నిలవదని, అప్పులవాళ్ళు వెంటపడుతున్నారని మనకి తెలియడానికి ముందే ఆ పలకలు చెప్పేస్తాయి. మన ఊళ్ళో ఒక తలుపు నీలం, ఒళ్ళు తెలుపు ఉన్న అంబాసిడర్‌ని చూసి యజమాని సంగతి గ్రహించినట్టే.

రంగుల ఎంపికలో కథకి సంబంధంలేని యజమాని ఇంకొకరున్నారు: నీలితెర. నౌకని నీలితెర ముందు చిత్రించి, నీలాన్ని తీసేసి, అక్కడ నక్షత్రాలు కూర్చేవారు. నౌకమీద నీలం ఉంటే అదీ మాయమవుతుంది. లూక్ దళాన్ని ముందు నీలిదళంగా అనుకున్నారు, సినిమాకి ముందే వచ్చిన నవలలో అలాగే ఉంటుంది. తెరమీదకి వచ్చేసరికి అది ఎర్రదళం అయింది. ఎక్స్-వింగ్ రెక్కల మీద ఎర్రపట్టీలు చూసి పెరిగిన పిల్లలకి ఆ ఎరుపు వీరత్వానికి గుర్తు. అసలు కారణం నీలం పనికిరాకపోవడం. అదే నౌక వెనక కూర్చున్న ఆర్2-డీ2 కొన్ని దృశ్యాల్లో నల్లగా కనబడటం వెనక ఉన్నదీ ఈ నీలం తంటాయే.

మెరుపుకీ ఇదే శిక్ష. 1979 'స్టార్ ట్రెక్' సినిమా కోసం కొత్తగా చేసిన ఎంటర్‌ప్రైజ్ నౌకకి పాల్ ఆల్సెన్ ముత్యపు నిగారింపు ఉన్న రంగులు నెలల తరబడి వేశాడు. చూసే కోణం మారితే పలకల రంగు మారేది. ట్రంబుల్ బృందం వెలుగు చూసుకుని ఆ అందాన్ని తెరకెక్కించింది. తరువాతి సినిమాకి అది ఐఎల్ఎం చేతికి వచ్చింది. నీలితెర ముందు ఆ ముత్యపుమెరుపు నీలాన్ని తాగి తిరిగి కక్కుతుంది. మెరుపుని చంపే పూత వెయ్యక తప్పలేదు. అదే ఏడు వచ్చిన 'ఏలియన్'లో నాస్ట్రోమో అనే సరుకునౌక ముందు పసుపురంగు వేసుకుంది. రిడ్లీ స్కాట్ వచ్చి బూడిద చేయించాడు. నమూనాలకి రంగులు వేసేవాళ్ళ బతుకులో ఇవి మామూలే. నెలల పనిమీద ఒక్క మధ్యాహ్నంలో వేరే పూత పడిపోతుంది.

* * *

సినిమా వాళ్ళకి కెమెరా ఉంది, జీతం ఉంది. ఇంట్లో బల్లమీద చేసుకునేవాళ్ళకి ఈ విద్యని దగ్గర చేసినవాడిగా నేను తలుచుకునేది జపాన్‌కి చెందిన కోవ్ యోకోయామాని. కళాశాలలో చిత్రకళ చదువుకున్న మనిషి. 1982 నుంచి 'హాబీ జపాన్' పత్రికలో 'ఎస్ఎఫ్3డి' పేరుతో ఒక భవిష్యత్ యుద్ధం కథ నెలనెలా నడిచింది. అందులోని కవచాలు, వాహనాలు ఆయన కిట్ ముక్కలతో, పింగ్‌పాంగ్ బంతులవంటి వాటితో స్వయంగా కట్టినవి. తరువాత ఈ లోకానికి 'మషీనెన్ క్రీగర్' అని పేరు మారింది.

ఆయన యంత్రాలకి రంగు చేత్తో, కుంచెతో వేస్తాడు. ఎయిర్‌బ్రష్‌తో వచ్చే నున్నదనం ఆయనకి అక్కర్లేదు. కుంచె జాడలు కనబడనిస్తాడు. నూనెరంగుల చిత్రంలోలా ఒక రంగుమీద ఇంకో రంగు, కిందిది అక్కడక్కడా తొంగిచూస్తూ. యుద్ధంలో సైనికుడు బకెట్టూ కుంచే పట్టుకుని హడావిడిగా వేసుకున్న రంగు ఎలా ఉంటుందో అలా. అంటే ఇక్కడ పొర కింద పొర ఉండటమే చరిత్ర. ఎడారి పసుపు కింద పాత ఆకుపచ్చ కనిపిస్తే, ఈ బండి మొన్నటిదాకా అడవిలో ఉందని తెలుస్తుంది.

ఇక్కడ తార్కికులు అడ్డుపడతారు. అంతరిక్షంలో వాన లేదు, గాలి లేదు, చారలు కిందికి కారడానికి కింద అన్నదే లేదు. తేమా ప్రాణవాయువూ లేనిచోట తుప్పెక్కడిది? నిజమే. అయినా ఫాల్కన్ ఒంటిమీద మసిచారలు ముందునుంచి వెనక్కి, ఎదురుగాలి ఈడ్చినట్టు సాగుతాయి. నౌక గ్రహాలమీద దిగి లేస్తుంది కదా అని ఒక సమాధానం. నాకు నచ్చేది వేరొకటి: మురికి చదవడం మనం నేలమీద నేర్చుకున్నాం, బస్టాండుల్లో, లారీల వెనక. రంగేసేవాడు మనకొచ్చిన లిపిలోనే రాయాలి.

* * *

ఇక మ్యూజియం సంగతి.

మొదటి 'స్టార్ ట్రెక్' ధారావాహిక (1966)లో కనబడిన అసలు ఎంటర్‌ప్రైజ్ నమూనా పదకొండడుగులది. మ్యాట్ జెఫరీస్ రూపకల్పన. కర్ర, లోహపురేకు, ప్లాస్టిక్కుతో 1964లో కట్టారు. ఎడమవైపునుంచి దీపాల తీగలు లోపలికి పోతాయి కాబట్టి ఆ వైపు అలంకరణ పూర్తిచేయలేదు. కెమెరా చూసేది కుడివైపే. ధారావాహిక ఆగిపోయాక, 1974లో అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియంకి చేరింది. తరువాతి దశాబ్దాల్లో పలుమార్లు మరమ్మతు జరిగింది. 1990లలో జరిగినదాంట్లో ఒళ్ళంతా కొత్తరంగు వేసి, పలకల గీతలు, వయసు మరకలు కొట్టొచ్చేట్టు దిద్దారు. ఆ రోజులకి అంతరిక్షనౌక అంటే అలాగే ఉండాలి. ఫాల్కన్ తరవాత పుట్టిన కన్ను అది. 1966 నాటి నౌకకి 1977 నాటి మురికి పట్టింది. అభిమానుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు.

2014లో మ్యూజియం దాన్ని ప్రదర్శననుంచి తీసి పని మొదలుపెట్టింది. ఎక్స్-రేలు తీశారు, అతినీలలోహిత కాంతిలో చూశారు, పొరలు పరిశీలించారు, ఆ నౌక పాత ఫోటోలు ఎవరిదగ్గరున్నా పంపమని జనాన్ని అడిగారు. ఏ రోజుకి తీసుకెళ్ళాలి అన్న ప్రశ్న వచ్చింది. 1967 ఆగస్టు నాటి రూపానికని తేల్చారు. రంగువేయడానికి వచ్చినవాళ్ళలో ఐఎల్ఎంలో నౌకలు చేసిన జాన్ గుడ్సన్, బిల్ జార్జ్ ఉన్నారు. జీవితమంతా కొత్త నౌకలకి మురికి పూసినవాళ్ళు ఇక్కడికొచ్చి, ఒకప్పటి శుభ్రాన్ని తిరిగి వేశారు. 2016లో నౌక మళ్ళీ జనం ముందుకొచ్చింది.

ఒక్కచోట మాత్రం కుంచె పెట్టలేదు. పళ్ళెంలాంటి ఆ నౌక పైభాగం మీద, ఎన్ని మరమ్మతులు దాటొచ్చినా, 1960ల రంగు ఇంకా మిగిలుంది. పెన్సిలుతో గీసిన పల్చటి గీతలతో సహా. దాన్ని అలాగే వదిలి, మిగతా ఒళ్ళంతా దానికి సరిపోయేలా చేశారు.

ఇదే మ్యూజియంకి వర్జీనియాలో ఇంకో పెద్ద భవనం ఉంది. అక్కడ డిస్కవరీ అనే స్పేస్ షటిల్ ఉంది. కుబ్రిక్‌ది కాదు, నిజంగా అంతరిక్షానికి వెళ్ళొచ్చినది. 2012లో అక్కడికి చేరినప్పుడు దాని తెల్లటి ఒంటినిండా వాతావరణంలోకి తిరిగి చొరబడినప్పుడు పడ్డ చారలు, మాడిన మరకలు, ఒక్కో పెంకు ఒక్కో ఛాయలో. ఎవరూ కడగలేదు. కడిగితే నేరమే, అది సాక్ష్యం కదా. ఒకే సంస్థ ఒక నౌకమీద మురికి తీసేసింది, ఇంకో నౌకమీద మురికిని కాపాడుతోంది. రెండూ న్యాయమే. షటిల్ మీద మసి ఆ నౌకకి జరిగినది. ఎంటర్‌ప్రైజ్ మీద వేసిన మసి దానికి జరగనిది, మన కంటికి అలవాటైనది మాత్రమే.

కానీ చిక్కంతా ఆ కొసన ఉంది. 1990లలో వేసిన రంగు కూడా ఆ నమూనాకి నిజంగా జరిగిందే కదా? పాతికేళ్ళు జనం చూసింది దాన్నే. దాన్ని గీకేసినప్పుడు కొంత అసలు చరిత్ర కూడా పోలేదూ? సినిమాల్లో దొంగ వయసు వేయడం ఒక విద్య. అసలు వయసులో ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చడం దానికన్నా కష్టమైన విద్య. మన గుళ్ళలో పాత చిత్రాల మీద సున్నం కొట్టినవాళ్ళనీ, ఆ సున్నం గీకినవాళ్ళనీ తలుచుకుంటే ఇది బొమ్మల గొడవ కాదని తెలుస్తుంది. స్మిత్‌సోనియన్ వాళ్ళ నిర్ణయంలో నాకు బాగా నచ్చింది వాళ్ళు వేసిన రంగు కాదు. వెయ్యకుండా వదిలిన చోటు.

కంప్యూటర్లు వచ్చాక నమూనాల పని దాదాపు మూతబడింది. అయినా 2019లో 'మాండలోరియన్' ధారావాహిక కోసం రేజర్ క్రెస్ట్ అనే నౌకని చేత్తో చేసి, రంగువేసి, కెమెరా ముందు నిలబెట్టారు. చేసింది మళ్ళీ ఆ జాన్ గుడ్సనే. కంప్యూటర్‌లో చేసే మురికి కూడా ఈ వంశానిదే. స్లౌలో పొడిరంగులు అద్దిన చేతులకే దాని చుట్టరికం.

* * *

నా బండి దగ్గరికి వస్తాను. తుడిచిన మర్నాడు రంగుపొడి మళ్ళీ తీశాను. కుడివైపు అద్దాను, చక్రాల చుట్టూ, నిచ్చెన మెట్లమీద, ఈసారి వెంటనే పైపూత వేశాను. ఎడమవైపు తిప్పి చూస్తే అమ్మ గుడ్డజాడ ఉంది. పైనుంచి కిందికి మూడు తుడుపులు, సందుల్లో ఇటుకపొడి ఎర్రగా మిగిలిపోయి, మధ్యలో రంగు మెరుగెక్కి. ఏ వాషూ, ఏ డ్రై బ్రషూ అలా రాదు. నేను వేసినదాంట్లో ఏదీ ఆ బండికి జరిగినది కాదు, ఆ మూడు తుడుపులు తప్ప.

ఆ వైపు అలాగే ఉంచాను. ఇంటికొచ్చినవాళ్ళకి కుడివైపు చూపిస్తాను. అమ్మ మాత్రం బల్ల తుడిచినప్పుడల్లా దాన్ని ఎడమవైపుకి తిప్పి పెడుతుంది, ఇటే శుభ్రంగా ఉంది కదరా అని.